నాలుగో మీట

కాటాయన భార్య, అల్లుడు కొనిపెట్టిన నీళ్ళు కాచే డబ్బా వల్ల పోయింది. అందులో రెండో మాటకి తావు లేదు. డాక్టరు ఊపిరితిత్తులకి నెమ్ము పట్టిందన్నాడు. ఆ నెమ్ము ఎక్కణ్ణించి వచ్చిందో డాక్టరు చెప్పలేదు. కాటాయన చెప్పాడు. ఆవిడని ఇంకా నట్టింట్లో పడుకోబెట్టి ఉండగానే, వచ్చిన నలుగురూ వింటుండగానే చెప్పాడు.

"చలికాలమంతా నీ డబ్బాలో నీళ్ళే పోసుకుందయ్యా. ఒక్కరోజు కాగలేదు. కానుకిచ్చావు. బాగా పనిచేసింది."

అల్లుడు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ వంచిన తలని కాటాయన ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నాడు. ఆ రోజు తర్వాత అల్లుడు ఈ గుమ్మం తొక్కలేదు.

కాటాయన అన్న పేరు ఆయనకి ఊరికే రాలేదు. పనిచేసినన్నాళ్ళూ లారీలు తూచే కాటా దగ్గర కూర్చున్నాడు. లోడు బండి పలక మీదికి ఎక్కేది, తర్వాత ఖాళీ బండి ఎక్కేది, తేడా ఎంతో చీటీ మీద కొట్టి కిటికీలోంచి ఇచ్చేవాడు. రోజుకొకడైనా తూకం పెరగాలని, ఏమీ ఎరగనట్టు పలక అంచు మీద ఒక కాలేసి, ఆకాశం చూస్తూ నిలబడేవాడు. కాటాయన తల కూడా బయటపెట్టకుండా "కాలు తియ్యి" అనేవాడు. ఇంకోసారి తూచండి సార్ అని బతిమాలినవాణ్ణి ఒక్కణ్ణీ రెండోసారి తూచలేదు. మనుషుల సంగతీ అంతే. ఒకసారి తూచాడంటే ఆ అంకె మారదు.

అల్లుడికి కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. అతన్ని పెళ్ళిచూపులనాడే తూచేశాడు కాటాయన. తేలిక మనిషి. నవ్వు ఎక్కువ. నీళ్ళ డబ్బా దించిన రోజు కూడా నవ్వుతూనే ఉన్నాడు. మనిషెత్తు పీపా, దాని నెత్తిన ఒక పెట్టె, పెట్టెలో ఫ్యాను. హీట్‌పంపుట. గాలిలో ఉన్న వేడిని లాగి నీళ్ళకి ఎక్కిస్తుందిట. కరెంటు కొంచెమే తాగుతుందిట.

"కళ్ళద్దాలు బిగించేవాడికి నీళ్ళు కాచే సంగతేం తెలుసు?" అన్నాడు కాటాయన, అల్లుడికి వినపడేలాగే.

కాగాయి మరి. మొదట్లో బాగానే కాగాయి. డబ్బాని వంటింటి వెనక సామాన్ల గదిలో నిలబెట్టారు. అది వేడి పీల్చేసుకుని చల్లబడిన గాలిని గదిలోకే వదిలేది. ఆవిడ కూరగాయలూ పాలూ తీసుకెళ్ళి ఆ గదిలో పెట్టుకుంది. "అల్లుడు ఒకటని చెప్పి రెండు తెచ్చాడు చూశారా, ఇటు పొయ్యి, అటు ఫ్రిజ్జు" అని ఇరుగుపొరుగుకి చూపించి మురిసిపోయేది.

తర్వాత కాటాయన రిటైరయ్యాడు. రెండు రోజులు తిరక్కుండానే నీళ్ళు చల్లబడ్డాయి. "నా ఉద్యోగంతోపాటే దాని గ్యారంటీ కూడా అయిపోయింది" అనేవాడు. జోకులు తక్కువ మనిషి, ఉన్న ఆ ఒక్కదాన్నీ అరగదీశాడు. అల్లుడికి ఫోన్ చేసి దులిపేస్తానంటే మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు.

"ముచ్చటపడి తెచ్చాడు, నొచ్చుకుంటాడు. మీరు నోరు విప్పారంటే నేను మీతో మాట్లాడను."

ఆవిడ మాట్లాడకపోవడం ఎలా ఉంటుందో ఆయనకి తెలుసు. ఊరుకున్నాడు. ఆయన స్నానానికి పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు కాచి బకెట్లో కలిపేది. తనకి కాచుకునేది కాదు. నాకు వేడి పడదు అనేది. ఆ చలికాలం అలా గడిచింది. చివర్లో దగ్గు వచ్చింది. దగ్గు తగ్గలేదు.

ఆవిడ పోయిన మర్నాడు కాటాయన గోడ మీద డబ్బా స్విచ్చి కట్టేశాడు. పొయ్యి మీద కూడా కాచుకోలేదు. చన్నీళ్ళే పోసుకున్నాడు. మొదట్లో చెంబెడు నీళ్ళు నెత్తిన పడగానే ఊపిరి బిగపట్టేది. రానురాను అదీ పోయింది. నీళ్ళు పడేవి, ఒళ్ళు తడిసేది, తుడుచుకునేవాడు. అన్నం కూడా అలాగే తినేవాడు. అడిగినవాళ్ళకి మాత్రం డబ్బా సంగతి విడమరిచి చెప్పేవాడు. ఆ ఒక్క మాట దగ్గరే గొంతులో కాస్త జీవం ఉండేది. అడగనివాళ్ళకి కూడా చెప్పేవాడు.

ఒకరోజు కూతురు ఫోన్ చేసింది.

"నాన్నా, ఆదివారం ఆయన వస్తారు. నేనూ వస్తాను. డబ్బా చూస్తారు."

"చూసేదేముంది?"

"చెడిపోయిందని తేలితే విప్పి భుజాన వేసుకుని తీసుకుపోతారు. నలుగురిలో నువ్వన్న మాట నిజమేనని ఒప్పుకుంటారు. బాగుందని తేలితే, నువ్వు ఆయనతో ఒక్క మాటనాలి."

"ఏం మాట?"

"నీకు తెలుసు ఏం మాటో. రెండూ కుదరవంటే చెప్పు నాన్నా, నేనూ ఆ గుమ్మం ఎక్కను. ఇటు నువ్వు, అటు ఆయన, మధ్యలో నేను అరిగిపోయాను."

కూతుర్ని ఎప్పుడూ తూచలేదు కాటాయన. ఆ పిల్లని పలక మీదికి ఎక్కించలేదు.

"రమ్మను" అన్నాడు.

*

ఆదివారం పొద్దెక్కాక వచ్చారు. కూతురు సరాసరి వంటింట్లోకి వెళ్ళి కత్తిపీట ముందు కూర్చుంది. అమ్మ కూర్చునే చోటే కూర్చుంది. "మీరిద్దరూ చూసుకోండి. తేలాక పిలవండి" అంది, ఇద్దరిలో ఎవరివైపూ చూడకుండా.

అల్లుడు చిన్న సంచిలో స్క్రూడ్రైవర్లు తెచ్చుకున్నాడు. కళ్ళజోళ్ళకి వాడేవి కావు, కొత్తవి. అతను చిక్కాడు. నవ్వు కూడా ఇంటిదగ్గర వదిలేసి వచ్చినట్టున్నాడు.

"నమస్కారం మామయ్యా."

"డబ్బా అక్కడే ఉంది" అన్నాడు కాటాయన.

సామాన్ల గదిలో ఉక్కగా ఉంది. డబ్బా మీద పూల గుడ్డ కప్పి ఉంది. పాత దిండుగలీబు కుట్లు విప్పి ఆవిడే కుట్టింది. అల్లుడు ఆ గుడ్డని రెండు చేతులతో తీసి, మడతపెట్టి, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూశాడు. కాటాయన చెయ్యి చాపలేదు. చివరికి బియ్యం డబ్బా మీద పెట్టాడు.

"ముందు కరెంటు వెయ్యను మామయ్యా. గాలి దారి చూస్తాను."

"చూడు."

నెత్తి మీది పెట్టెకి పక్కన సన్నని జల్లెడలాంటిది ఉంది. గాలి లోపలికి పోయేది దాంట్లోంచే. అల్లుడు దాన్ని లాగాడు. పిల్లి బొచ్చంత దుమ్ము దళసరిగా పేరుకుంది.

"ఆవిడ ఉండగా దుమ్ము లేదు" అన్నాడు కాటాయన.

"లేదు మామయ్యా. నెలకోసారి అత్తయ్య కడిగేది. ఫోన్లో చెప్పేది నాకు."

ఫోన్లో చెప్పేదన్న సంగతి కాటాయనకి తెలియదు. ఇంకేం చెప్పేదో అడగబోయి మానేశాడు.

అల్లుడు పెరట్లో కుళాయి కింద జల్లెడ కడిగి, దులిపి, ఆరబెట్టాడు. తిరిగొచ్చి కింద సన్నగొట్టం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గాలి చల్లబడినప్పుడు పట్టే చెమ్మ ఆ గొట్టంలోంచి బకెట్లోకి కారుతుంది. గొట్టంలో పాచి పట్టింది. ఇనపతీగ పెట్టి తీశాడు. చొక్కా మీద పడింది. తుడుచుకోలేదు. తర్వాత పైపుల మీద మరలు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు, చెవి ఆనించి విన్నాడు, ఫోన్ లైటు వేసి పెట్టె లోపలికి తొంగి చూశాడు.

"ఏమంటుంది?" అన్నాడు కాటాయన.

"ఇంకా ఏమీ అనట్లేదు మామయ్యా."

"నీళ్ళు నమలకు. బాగుందా, పోయిందా?"

"కరెంటు వేస్తే గానీ తేలదు."

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది. మళ్ళీ మొదలైంది.

కాటాయన తనే వెళ్ళి స్విచ్చి వేశాడు. ఆయన వేళ్ళకి ఏమీ అనిపించలేదు. తీర్పు రాబోతోందని తెలుసు, పలక మీదికి బండి ఎక్కిందని తెలుసు. అయినా గుండె తన దారిన తను కొట్టుకుంటోంది.

డబ్బా పొట్ట మీద ఎర్రగా ఒక దీపం వెలిగింది. అంతే. ఫ్యాను తిరగలేదు. ఏ చప్పుడూ లేదు.

"చూశావా?" అన్నాడు కాటాయన. "మొత్తం చలికాలం ఇంతే."

అల్లుడు దీపం దగ్గరికి వంగాడు. అక్కడ నాలుగు మీటలు వరసగా ఉన్నాయి. వాటి మీద ఇంగ్లీషులో చీమల్లాంటి అక్షరాలు. అమ్మకి ఇంగ్లీషు రాదని, మీటకో తెల్లటి పట్టీ అంటించి దాని మీద గుండ్రటి తెలుగు అక్షరాలు రాసింది కూతురు. పొదుపు. మామూలు. గబగబ. సెలవు.

దీపం నాలుగోదాని పక్కన వెలుగుతోంది.

అల్లుడు చాలాసేపు వంగే ఉన్నాడు. లేచి నిలబడ్డాక వంటింటి వైపు ఒకసారి చూసి, గది తలుపు కొంచెం దగ్గరగా వేశాడు.

"మామయ్యా, ఇది సెలవులో ఉంది."

"ఉంటే?"

"ఎవరు పెట్టారు?"

"ఎవరు పెడతారు? ఆవిడే."

"ఎప్పుడు?"

ఎప్పుడో కాటాయనకి బాగా గుర్తుంది. ఆవిడ నోరారా నవ్వడం తక్కువ, అందుకని నవ్విన రోజులు గుర్తుండిపోయాయి. ఉద్యోగం ఆఖరి రోజు సంచి భుజాన వేసుకుని ఇంటికొచ్చాడు. చెప్పులు విప్పుతుంటే ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ ఈ గదిలోకి పరిగెత్తింది. టిక్కుమని చప్పుడైంది. బయటికొచ్చి, "ఇంక మీకు రోజూ సెలవే కదా! అందుకే దాన్నీ సెలవులో పెట్టేశాను, మళ్ళీ తిప్పే పని లేదు" అని నవ్వింది. అంతకుముందు వారానికోసారి నొక్కేది, ఆయనకి సెలవైన రోజున. ఆ రోజు ఇద్దరూ ఇంట్లో ఉంటారు, బట్టలూ అప్పుడే ఉతుకుతుంది, నీళ్ళు ఎక్కువ కావాలి. మర్నాడు తెల్లారి ఆయన పనికి బయల్దేరగానే మళ్ళీ మామూలుకి తిప్పేది. అలా తిప్పడం ఆయన చూశాడు. తనూ సరే అనుకున్నాడు. పట్టీ మీద తేట తెలుగులో రాసి ఉంటే ఇంకేమనుకుంటాడు?

"నేను రిటైరైన రోజు" అన్నాడు.

అల్లుడు కళ్ళజోడు తీసి, పాచి అంటిన చొక్కాతోనే తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. అద్దం ఇంకా మాసింది.

"సెలవంటే మామయ్యా... ఇంగ్లీషులో వెకేషన్ అని ఉంది. మనం ఇంట్లో లేనప్పుడు నొక్కేది. ఊరెళ్ళినప్పుడు. డబ్బా పడుకుంటుంది. నీళ్ళు గడ్డకట్టకుండా చూసుకుంటుంది, అంతే. కాచదు."

"ఇంట్లో లేనప్పుడా?"

"అవును."

"సెలవంటే ఇంట్లో ఉండటం కదయ్యా."

అల్లుడు వేలితో నాలుగో పట్టీ తడిమాడు.

"మేమెప్పుడు ఊరెళ్ళాం?" అన్నాడు కాటాయన. ఎవర్నీ అడగలేదు. వాళ్ళు ఏ ఊరూ వెళ్ళలేదు. వెళ్దామండీ అని ఆవిడ అన్న రోజులున్నాయి. కాటాకి వరసగా రెండ్రోజులు సెలవెక్కడిది అని ఆయన అన్న రోజులూ ఉన్నాయి. వారానికో రోజు నొక్కినప్పుడు పీపాలో అప్పటికే కాగిన నీళ్ళు సరిపోయేవి, అందుకే తేడా తెలియలేదు. ఆ మీటతో ఆ ఇంట్లో ఎవరికీ ఏనాడూ పని పడలేదు.

అల్లుడు మూడో మీట నొక్కాడు. దీపం పక్కకి జరిగింది. కాసేపటికి పెట్టెలో ఏదో దగ్గినట్టు అయి, ఫ్యాను తిరగడం మొదలైంది. డబ్బా సన్నగా హోరుపెట్టింది. చల్లటి గాలి వచ్చి కాటాయన పాదాల మీద పడింది. గది నిండా ఆ పాత చల్లదనం వచ్చేసింది, కూరగాయలూ పాలూ ఉండే గది చల్లదనం.

మిషను బాగుంది. అంకె వచ్చేసింది.

కాటాయనకి ఏడుపు రాలేదు. కోపం కూడా రాలేదు. లోడు దిగిపోయిన బండి పలక మీద నిలబడ్డట్టుంది, ఇంకెవరూ డ్రైవరు సీట్లో లేనట్టుంది. ఇన్నాళ్ళూ పొద్దున్నే లేవడానికి ఒక కారణం ఉండేది. అల్లుణ్ణి క్షమించకుండా ఉండటమనే పని ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

నాలుగో పట్టీ మీద కూతురి అక్షరాలు చూశాడు. వు కి కొమ్ము కాస్త పొడుగ్గా లాగింది, చిన్నప్పుడు పలక మీద రాసినట్టే. బొటనవేలి గోరుతో ఆ పట్టీ అంచు గీకాడు. సగం ఊడింది. ఇంకో సగం అల్లుడు గీకాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఊడిన ముక్కల్ని అల్లుడు వేళ్ళ మధ్య ఉండ చేసి జేబులో వేసుకున్నాడు.

"తనకి తెలియక్కర్లేదు మామయ్యా" అన్నాడు గొంతు తగ్గించి.

"నేను చెప్తానని ఎవరన్నారు?"

"అది కాదు. మిషనులోనే లోపం ఉందని నేను చెప్పేస్తాను. మీ మాటే నిజమని ఒప్పుకుంటాను. నాకేం పోతుంది? పడ్డ మాటే కదా, ఇంకొన్నాళ్ళు పడతాను."

కాటాయన అతనివైపు తిరిగి చూశాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి పూర్తిగా చూశాడు.

"కాలు తియ్యి" అన్నాడు.

అల్లుడికి అర్థం కాలేదు. కింద ఏం తొక్కానోనని తన పాదాల కేసి చూసుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఫ్యాను చప్పుడు విని కూతురు వచ్చింది. తలుపు తోసుకుని గడప మీద నిలబడింది. చేతిలో సగం తరిగిన కూరగాయ అలాగే ఉంది.

"తిరుగుతోందే!" అంది. "ఏం తేలింది?"

అల్లుడు నోరు తెరిచాడు. "అదీ... మిషనులోనే..."

"జల్లెడ మూసుకుపోయింది" అన్నాడు కాటాయన. "దుమ్ము."

"దుమ్మా?"

"దుమ్మే. గాలి ఆడక పడుకుంది. మిషను బాగానే ఉంది."

కూతురు మొగుడి వైపు చూసింది. అతను పెరట్లో ఆరుతున్న జల్లెడ వైపు చూశాడు.

"అంటే ఇంత గొడవా దుమ్ము కోసమా నాన్నా? అమ్మ ప్రతి నెలా కడిగేదిగా?"

"నేను రిటైరయ్యాక ఆ పని నాది. కడగలేదు."

అది అబద్ధం. కాటా కిటికీ వెనక కూర్చున్నన్నాళ్ళూ ఆయన చీటీ మీద తప్పు అంకె వెయ్యలేదు. ఇవాళ వేశాడు.

కూతురు లోపలికొచ్చి డబ్బా పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. మీటలు చూసింది.

"ఇక్కడ నాలుగో పట్టీ ఏది?"

"ఊడింది."

"మళ్ళీ రాసి అంటిస్తాను."

"వద్దు. మూడు చాలు."

"ఊరెళ్ళినప్పుడు పనికొస్తుంది నాన్నా. నువ్వు మా దగ్గరికి వస్తే..."

"వద్దన్నానా."

ఆ గొంతుకి కూతురు ఆగింది. అల్లుడు స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే సంచిలో పెడుతున్నాడు, వాడనివాటిని కూడా తుడిచి మరీ పెడుతున్నాడు.

"అయితే ఆయన తప్పేం లేదన్నమాట" అంది కూతురు మెల్లిగా. "ఒప్పుకున్న మాట గుర్తుందిగా?"

కాటాయన అల్లుడి ఎదట నిలబడ్డాడు. బియ్యం డబ్బా మీది పూల గుడ్డ తీసుకుని, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"తూకం తప్పాను" అన్నాడు.

"మామయ్యా, అలాంటిదేం..."

"అన్నాను. విన్నావు. అయిపోయింది."

*

నీళ్ళు కాగడానికి చాలాసేపు పట్టింది. ఈలోగా ముగ్గురూ భోంచేశారు. కూతురు ఏవేవో చెప్పింది, కొట్టు సంగతులు, అద్దాలు అక్కర్లేకపోయినా సోకుకి జోడు పెట్టించుకున్నవాడి సంగతి. అల్లుడు ఒకచోట మర్చిపోయి నవ్వాడు. నవ్వి, మామగారి కేసి చూసి, కంచంలోకి చూశాడు. కాటాయన దగ్గర నవ్వు ఎక్కువ మనిషి అన్న అంకె ఒకటి పాతది ఉంది. దాన్ని కొట్టెయ్యలేదు, కొత్తది వెయ్యలేదు.

తర్వాత స్నానానికి వెళ్ళాడు. కుళాయి తిప్పాడు. ముందు చన్నీళ్ళు వచ్చాయి, తర్వాత గోరువెచ్చగా, తర్వాత పొగలు. బకెట్ నిండింది. అద్దం మసకబారింది. చెంబు ముంచి నెత్తిన పోసుకున్నాడు. వేడి భుజాల మీంచి వీపు మీదికి జారింది. వేడిగా ఉందని తెలిసింది, అంతవరకే. ఇంకో చెంబు పోసుకున్నాడు. ఇంకోటి. పొయ్యి దగ్గరి నుంచి గిన్నె పట్టకారుతో పట్టుకుని, నడుం వంచి, "జరగండి, కాలుతుంది" అంటూ వచ్చే మనిషి కోసం తలుపు గడియ వెయ్యలేదని చూసుకున్నాడు. అది పాత అలవాటు. గడియ పెట్టి వచ్చి కూర్చున్నాడు.

బకెట్ ఖాళీ అయ్యాక కుళాయి కింద చెయ్యి పెట్టి చూశాడు. ఇంకా వేడిగానే వస్తున్నాయి. ఇద్దరికి సరిపోయేన్ని ఉన్నాయి డబ్బాలో.

తల తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. అల్లుడు అప్పటికే చెప్పులు వేసుకుని మెట్ల మీద ఉన్నాడు.

"బాగా కాగాయా నాన్నా?"

"ఆఁ."

"పాపం, అమ్మ ఉన్నప్పుడే ఎవరైనా ఒక్కసారి చూసి ఉంటే..."

మెట్ల మీద అల్లుడు కదలకుండా నిలబడ్డాడు. కాటాయన తువ్వాలు దండెం మీద ఆరేశాడు. అంచులు సరిచేశాడు.

"ఆ డబ్బా గురించి ఇదే ఆఖరు" అన్నాడు. "నలుగురితో అనను. మీతో అనను. నాలో నేను కూడా అనుకోను. ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకండి."

"ఏమిటి నాన్నా, నేనేమన్నానని..."

"ఎత్తకండి అన్నాను."

లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు.